కొలరాడో ఎల్క్ వేటకు విమానంలో: రైఫిల్ వెళ్లడం సులువే, బూట్ల సంగతి, మాంసం సంగతి చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. షార్లెట్‌లో ఉంటున్నారు, గ్రీన్ కార్డు ఉంది, అక్టోబరులో మొదటిసారి కొలరాడోకు ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్తున్నారు. రైఫిల్‌ను విమానంలో ఎలా పంపాలి, మిగతా సామాను ఎలా సర్దుకోవాలి, వేట దొరికితే మాంసం, కొమ్ములు ఇంటికి ఎలా తెచ్చుకోవాలి అని అడిగారు. ఎయిర్‌పోర్టులో తుపాకీ అనగానే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. రైఫిల్‌ను ఖాళీ చేసి, గట్టి కేస్‌లో పెట్టి, తాళాలు వేసి, కౌంటర్ దగ్గర చెప్పి చెక్-ఇన్ చేస్తే చాలు, అది వెళ్లిపోతుంది. తూటాలు వాటి డబ్బాల్లోనే, అవీ చెక్-ఇన్‌లోనే. బూట్లు మాత్రం కాళ్లకు వేసుకునే విమానం ఎక్కండి. బట్టలు, సామాను సూట్‌కేసులో కాకుండా ఖాళీ ఐస్ బాక్సుల్లో సర్దుకొని వెళ్లండి. వచ్చేటప్పుడు ఆ బాక్సుల్లోనే మాంసం వస్తుంది. తిరుగు టికెట్‌కు, వేట చివరి రోజుకు మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచండి.

నేను డాలస్ దగ్గర ఉంటాను. 2012 నుంచి దాదాపు ఏటా కొలరాడోకో వయోమింగ్‌కో వెళ్తున్నాను, ఒకసారి అలాస్కా కూడా వెళ్లాను. కొత్తవాళ్లు అందరూ భయపడేది రైఫిల్ గురించే. నిజానికి నియమాలు అన్నిటికంటే స్పష్టంగా ఉన్నది దానికే. నేను ఇబ్బంది పడ్డ ప్రతిసారీ కారణం వేరే సామానే.

రైఫిల్ కేస్, తాళాలు

టీఎస్ఏ (ఎయిర్‌పోర్టుల్లో భద్రతా తనిఖీలు చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) నియమం ప్రకారం కేస్ గట్టిదై ఉండాలి, పూర్తిగా తాళం పడాలి. తాళం వేశాక కూడా ఏ మూలైనా చేత్తో లాగితే తెరుచుకుని లోపలికి వేళ్లు దూరుతున్నాయంటే ఆ కేస్‌ను ఒప్పుకోరు. చవక ప్లాస్టిక్ కేసుల్లో చాలావాటికి ఇదే లోపం. కొనే ముందు షాపులోనే మూలలు పట్టి లాగి చూడండి. తాళం వేసే రంధ్రాలు ఎన్ని ఉంటే అన్నిటికీ తాళాలు వేయండి. నేను ఒకే తాళంచెవితో తెరుచుకునే నాలుగు మామూలు ప్యాడ్‌లాకులు వాడతాను. టీఎస్ఏ మాస్టర్ కీతో తెరుచుకునే తాళాలకూ అనుమతి ఉంది గానీ తుపాకీ కేస్‌కు నేను వాడను. ఆ తాళంచెవి మీ దగ్గరే ఉండాలన్నది నియమం. వాళ్లు కేస్ తెరవాలనుకుంటే మిమ్మల్ని పిలుస్తారు.

బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కదిలే భాగం) తీసి, మందపాటి మేజోడులో చుట్టి, అదే కేస్‌లో పెట్టండి. బోల్ట్ ఒక్కటే కదా అని చేతి సంచిలో పెట్టుకోకండి, తుపాకీ భాగాలేవీ క్యాబిన్‌లోకి రానివ్వరు. స్కోప్‌ను (గురి చూసే దుర్భిణిని) మాత్రం క్యాబిన్‌లోకి అనుమతిస్తారు, కానీ రైఫిల్ నుంచి విప్పితే అక్కడికి వెళ్లాక మళ్లీ జీరో చేసుకోవాలి, అంటే గురి పెట్టినచోటే తూటా తగిలేలా సరిచేసుకోవాలి. అందుకే నేను విప్పను. స్కోప్ కింద, పక్కల ఫోమ్ ఒత్తుగా ఉండేలా చూసుకుంటాను.

తూటాలు ఫ్యాక్టరీ డబ్బాలోనో, తూటాల కోసమే చేసిన ప్లాస్టిక్ పెట్టెలోనో ఉండాలి. విడిగా జేబుల్లో, జిప్‌లాక్ కవర్లలో వేయకూడదు. చాలా ఎయిర్‌లైన్స్ 11 పౌండ్ల వరకు ఒప్పుకుంటాయి. ఎల్క్ వేటకు 40 తూటాలు చాలు, అవి మూడు పౌండ్లు దాటవు. ఒక డబ్బా జీరో చూసుకోవడానికి, ఒకటి వేటకు. డబ్బాను రైఫిల్ కేస్‌లోనే పెట్టొచ్చని టీఎస్ఏ అంటుంది, కొన్ని ఎయిర్‌లైన్స్ వేరుగా పెట్టమంటాయి. మీ ఎయిర్‌లైన్ పేజీ చదివి, ఆ పేజీని ప్రింట్ తీసి దగ్గర ఉంచుకోండి. కౌంటర్‌లో కొత్త ఉద్యోగి ఉన్నప్పుడు ఆ కాగితం నాకు రెండుసార్లు పనికొచ్చింది.

కౌంటర్ దగ్గర

రెండున్నర గంటల ముందే చేరుకోండి. కియోస్క్‌లో, బయట కారు దిగేచోట బ్యాగులు తీసుకునేవారి దగ్గర ఇది కుదరదు, మనిషి ఉన్న కౌంటర్‌కే వెళ్లాలి. వెళ్లగానే, "లోడ్ చేయని వేట రైఫిల్‌ను చెక్-ఇన్‌లో డిక్లేర్ చేయాలి" అని మామూలు గొంతుతో చెప్పండి. "నా దగ్గర గన్ ఉంది" అని మొదలుపెట్టకండి, వెనుక వరుసలో నిలబడ్డవాళ్లు ఉలిక్కిపడతారు. వాళ్లు ఒక చిన్న కార్డు ఇస్తారు, తుపాకీ ఖాళీగా ఉందని సంతకం పెట్టి దాన్ని కేస్ లోపల ఉంచాలి. లోపల తుపాకీ ఉందని తెలిపే చీటీ కేస్ బయట అతికించమని ఎయిర్‌లైన్ అడగకూడదని ఫెడరల్ చట్టమే ఉంది. ఎందుకో మీకు తెలుసు, దొంగకు దారి చూపించినట్టవుతుంది. అదే కారణంతో కేస్ మీద తుపాకీ కంపెనీల స్టిక్కర్లు కూడా అంటించకండి.

ఆ తర్వాత కొన్నిచోట్ల టీఎస్ఏ గది దాకా తీసుకెళ్తారు, కొన్నిచోట్ల అక్కడే ఆగమంటారు. స్క్రీనింగ్ అయిపోయిందని చెప్పేదాకా అక్కడి నుంచి కదలకండి. కేస్ తెరవాల్సి వస్తే తాళంచెవి మీ దగ్గరే ఉంది కాబట్టి మీరు గేట్ దగ్గర ఉంటే పని ఆగిపోతుంది.

దిగాక కేస్ ఒకోసారి మామూలు బెల్ట్ మీద రాదు. పెద్ద సైజు సామాను వచ్చే తలుపు దగ్గరో, ఎయిర్‌లైన్ బ్యాగేజ్ ఆఫీసులోనో ఇస్తారు, గుర్తింపు కార్డు అడుగుతారు. బెల్ట్ మీద కనిపించలేదని కంగారుపడకుండా ముందు ఆ ఆఫీసులో అడగండి. కేస్‌లో ఒక ట్రాకర్ పెట్టుకుంటే మనసు కుదుటపడుతుంది. రైఫిల్ సీరియల్ నంబర్‌ను ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

మధ్యలో ఆగే విమానం గురించి ఒక హెచ్చరిక. వీలైతే షార్లెట్ నుంచి డెన్వర్‌కు నేరుగా వెళ్లే విమానమే తీసుకోండి, వంద డాలర్లు ఎక్కువైనా ఫరవాలేదు. న్యూయార్క్, న్యూజెర్సీ మీదుగా టికెట్ అసలు కొనకండి. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియాకు వెళ్తున్న ఒక ప్రయాణికుడు నెవార్క్‌లో కనెక్షన్ తప్పిపోయి, తుపాకీ ఉన్న సామాను తీసుకుని రాత్రి హోటల్‌లో ఉన్నాడు. మర్నాడు ఎయిర్‌పోర్టులో తనే నిజాయితీగా డిక్లేర్ చేస్తే అరెస్టు చేశారు. రాష్ట్రాల మీదుగా తుపాకీతో ప్రయాణించేవారికి 1986 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చే రక్షణ, దారిలో తుపాకీ చేతికి అందేలా ఉంటే వర్తించదని 2010లో అప్పీల్ కోర్టు తేల్చింది. కాబట్టి విమానం దారి మళ్లి అలాంటి చోట చిక్కుకుంటే, కేస్‌ను మీ చేతికి తీసుకోకండి, ఎయిర్‌లైన్ దగ్గరే ఉంచి గమ్యానికి పంపమనండి.

మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఇది చదివేవాళ్లలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకూ చెప్పాలి. ఇమిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. మినహాయింపు ఉందని స్నేహితుడు చెప్పాడని బయలుదేరకండి. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. ఒక వారం వేట కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న గ్రీన్ కార్డును పణంగా పెట్టకూడదు.

ఏది చేతిలో, ఏది చెక్-ఇన్‌లో

నేను పెట్టుకున్న లెక్క ఒకటే. చెక్-ఇన్ బ్యాగులన్నీ రాకపోయినా మర్నాడు పొద్దున కొండ ఎక్కగలగాలి. రైఫిల్ రాకపోతే తోటివాళ్ల దగ్గరో, గైడ్ దగ్గరో ఒకటి దొరుకుతుంది. జాకెట్, గ్లౌజులు ఏ ఊళ్లోనైనా కొనుక్కోవచ్చు. కానీ మీ పాదాలకు అలవాటుపడ్డ బూట్లు ఎవరూ అప్పివ్వలేరు.

2012లో నా మొదటి ట్రిప్‌లో ఇదే జరిగింది. రైఫిల్ సమయానికి వచ్చింది, బూట్లున్న బ్యాగు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. దారిలో కొత్త బూట్లు కొనుక్కుని 10,000 అడుగుల ఎత్తులో నడిచాను. మొదటి సాయంత్రానికే రెండు మడమలూ బొబ్బలెక్కి చర్మం ఊడింది. మూడో రోజు మా బృందానికి ఎల్క్ మంద కనిపించినప్పుడు నేను టెంట్‌లో కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాను. ఆ తర్వాత ఇప్పటివరకు వేట బూట్లు లేకుండా విమానం ఎక్కలేదు.

చేతి సంచిలో బైనాక్యులర్లు, రేంజ్‌ఫైండర్, లైసెన్స్, హంటర్ ఎడ్యుకేషన్ కార్డు, మందులు, హెడ్‌ల్యాంప్, ఒక జత ఊలు లోదుస్తులు, రెయిన్ జాకెట్ పెట్టుకోండి. 1949 జనవరి 1, ఆ తర్వాత పుట్టినవారికి కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు కూడా చేతి సంచిలోనే, చెక్-ఇన్‌లో వేయకూడదు. కత్తులు, చేతి కర్రలు చెక్-ఇన్‌లోకి. కత్తి మొనకు ఒర ఉండాలి, తనిఖీ చేసేవారి చేయి తెగకూడదు.

బేర్ స్ప్రే (ఎలుగుబంటిని తరిమే కారం స్ప్రే), గ్యాస్ స్టవ్ సిలిండర్లు చేతి సంచిలోనూ చెక్-ఇన్‌లోనూ కుదరవు. అక్కడ దిగాక కొనుక్కోండి, వచ్చేటప్పుడు ఎవరికైనా ఇచ్చేయండి. స్టవ్ తీసుకెళ్తుంటే ఇంధనం చుక్క కూడా లేకుండా, వాసన కూడా రాకుండా కడిగి ఆరబెట్టాలి. మజిల్‌లోడర్‌తో (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీతో) వెళ్లేవాళ్లకు తుపాకీ మందు, దాన్ని అంటించే ప్రైమర్లు కూడా విమానంలో నిషిద్ధమే, దిగాక కొనుక్కోవాల్సిందే. ఆరెంజ్ చొక్కా మర్చిపోవద్దు. రైఫిల్ సీజన్లలో కొలరాడోలో పైభాగంలో కనీసం 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ లేదా పింక్, తల మీద కూడా అదే రంగు ఉండాలి.

దిగగానే రైఫిల్ కాల్చి చూడండి

ఇది దయచేసి తప్పించకండి. కేస్ ఎంత మంచిదైనా విమానంలో సామాను ఎలా విసురుతారో మనకు కనిపించదు. 2017లో నా రైఫిల్ పైకి గీత కూడా పడలేదు. అయినా 100 గజాల దగ్గర ఏడు అంగుళాలు ఎడమకు కొట్టింది. షూటింగ్ రేంజ్‌లో చూసుకోకుండా వెళ్లి ఉంటే ఒక జంతువును గాయపరిచి వదిలేసేవాణ్ణి. ఒక ప్రాణి మీద గురి పెట్టేటప్పుడు మన వల్ల దానికి అనవసరమైన బాధ కలగకూడదు. రేంజ్ లేకపోతే అనుమతి ఉన్న పబ్లిక్ ల్యాండ్‌లో, వెనుక మట్టి గట్టు ఉన్నచోట మూడు తూటాలు కాల్చి చూడండి. అందుకే రెండు డబ్బాలు అన్నాను.

మాంసం ఇంటికి ఎలా

కష్టమంతా ఇక్కడే. పెద్ద మగ ఎల్క్ సుమారు 700 పౌండ్లు ఉంటుంది. ఎముకలు తీసేశాక 180 నుంచి 200 పౌండ్ల దాకా మాంసం వస్తుంది. చెక్-ఇన్ బ్యాగు పరిమితి 50 పౌండ్లు, అందులో ఐస్ బాక్సు బరువు కూడా ఉంటుంది. మందపాటి గోడల ఖరీదైన ఐస్ బాక్సులు ఖాళీగానే 25 పౌండ్లు తూగుతాయి, అంటే సగం పరిమితి ప్లాస్టిక్‌కే పోయింది. దుకాణంలో దొరికే మామూలు తేలిక బాక్సు కొనండి. ఖాళీ బాక్సు పది పౌండ్లు ఉంటే 38, 39 పౌండ్ల మాంసం పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 62 అంగుళాలు దాటకుండా చూసుకోండి, దాటితే అదనపు రుసుము.

వెళ్లేటప్పుడు అలాంటివి రెండు తీసుకుని బట్టలు, స్లీపింగ్ బ్యాగు వాటిలో సర్దండి. ఒక మడత పెట్టే డఫిల్ బ్యాగు కూడా లోపల పడేయండి. వచ్చేటప్పుడు మాసిన బట్టలు డఫిల్‌లోకి, మాంసం బాక్సుల్లోకి.

మాంసం రాయిలా గడ్డకట్టి ఉండాలి. అలా ఉంటే ఐసు అవసరమే లేదు, మూత చుట్టూ టేపు వేస్తే ఒక రోజు హాయిగా ఆగుతుంది. కరిగే ఐసు ముక్కలు ఎప్పుడూ వేయకండి. ఒకసారి తొందరలో సగం గడ్డకట్టిన మాంసంతో కౌంటర్‌కు వెళ్లాను. బాక్సు మూల నుంచి ఎర్రటి నీళ్లు కారాయి, దాన్ని తీసుకునేది లేదన్నారు. వాళ్లు చెప్పింది న్యాయమే, మిగతావాళ్ల సామాను పాడవుతుంది. ఆ రోజు విమానం వదులుకుని, ఊళ్లో ఫ్రీజర్ వెతుక్కుని, మర్నాడు వెళ్లాను. నేను రెండు రోజులు ఖాళీ ఉంచమనేది అందుకే. మామూలు ఫ్రీజర్‌లో వంద పౌండ్ల మాంసం లోపలి దాకా గడ్డకట్టడానికి దాదాపు అంత సమయం పడుతుంది. వేట మాంసం కోసి ప్యాక్ చేసే దుకాణాలు సీజన్‌లో కిటకిటలాడుతుంటాయి. బయలుదేరే ముందే ఫోన్ చేసి, ఎన్ని రోజుల్లో ఇస్తారో, ఫ్రీజర్‌లో చోటు అద్దెకిస్తారో అడిగి ఉంచుకోండి. డ్రై ఐస్ వాడాలంటే మనిషికి 5.5 పౌండ్లే పరిమితి, ఎయిర్‌లైన్‌కు ముందు చెప్పాలి, బాక్సులోంచి గాలి బయటికి పోయే దారి ఉండాలి.

వెన్ను పక్కన ఉండే మెత్తటి కండను నేను చెక్-ఇన్‌లో వేయను. దాన్ని గడ్డకట్టించి చిన్న మెత్తటి ఐస్ సంచిలో చేత్తో తెచ్చుకుంటాను, టీఎస్ఏ ఒప్పుకుంటుంది. జెల్ ప్యాక్ పెడితే స్క్రీనింగ్ దగ్గర అది పూర్తిగా గడ్డకట్టి ఉండాలి.

రెండు బాక్సుల్లో 80 పౌండ్లకు మించి రాదు కాబట్టి మిగతాది తోటివాళ్లతో పంచుకోవడమో, కారులో వెళ్లేవారితో పంపడమో ముందే మాట్లాడుకోండి. తినదగ్గ మాంసం అడవిలో వదిలేయడం కొలరాడోలో చట్టరీత్యా నేరం. చట్టం సంగతి అలా ఉంచండి, ఆ మాంసం వదులుకునేది కాదు. కొవ్వు ఉండదు కాబట్టి ఖీమాకు కాస్త నూనె ఎక్కువ పడుతుంది. మా ఇంట్లో గోంగూరతో వండుతాం, పిల్లలు మటన్ కంటే ఇదే అడుగుతారు.

కొమ్ములు, జబ్బు నియమాలు. జింక జాతుల మెదడును దెబ్బతీసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్‌ను 1967లో మొదట గమనించింది కొలరాడోలోనే. అది వ్యాపించకుండా చాలా రాష్ట్రాలు తల, వెన్నెముక ఉన్న కళేబరాన్ని లోపలికి రానివ్వవు. ఎముక తీసిన మాంసం, మెదడు కణజాలం లేకుండా శుభ్రం చేసిన పుర్రె ముక్కతో కొమ్ములు సాధారణంగా తేవచ్చు. బయలుదేరే ముందు నార్త్ కరోలినా వన్యప్రాణి శాఖ పేజీలో ఆ నియమం చదవండి. మీరు వేటాడే యూనిట్‌లో (వేట ప్రాంతంలో) ఈ జబ్బు పరీక్ష తప్పనిసరి కాకపోయినా చేయించండి. జబ్బు ఉందని తేలిన జంతువు మాంసం తినవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉంచండి.

కొమ్ములను తీసుకునే విషయంలో ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి, కొన్ని అసలు తీసుకోవు. తీసుకునేవి కూడా రక్తం, మాంసం ఏమీ అంటుకోకుండా ఉండాలని, మొనలకు తొడుగు వేయాలని అంటాయి. పాత తోట పైపును ముక్కలుగా కోసి మొనలకు తొడిగి టేపు చుట్టండి. పుర్రె ముక్కను మధ్యకు కోస్తే రెండు కొమ్ములూ ఒకదానిలో ఒకటి ఇమిడి చిన్న పెట్టెలో పడతాయి, కానీ అలా కోసిన కొమ్ములను బూన్ అండ్ క్రాకెట్ (పెద్ద కొమ్ముల రికార్డులు నమోదు చేసే క్లబ్బు) రికార్డుకు ఒప్పుకోరు. లైసెన్స్, ట్యాగ్ (వేటాడిన జంతువుకు కట్టే అనుమతి చీటీ) కాపీలు మాంసంతోపాటు ఒక కవర్లో పెట్టండి. అక్రమంగా వేటాడినదాన్ని రాష్ట్రం దాటించడం 1900 నాటి లేసీ చట్టం కింద ఫెడరల్ నేరం. మీది సక్రమమే అని చూపించే కాగితం ఎప్పుడూ దగ్గర ఉండాలి.

అలాస్కా గురించి కూడా ఒక మాట అడిగారు. అక్కడ పెద్ద విమానం దిగాక, మారుమూల చోట్లకు తీసుకెళ్లే చిన్న బుష్ విమానం ఎక్కాలి. అందులోకి గట్టి కేస్ పట్టదు, పైలట్ మనిషికి ఇన్ని పౌండ్లని తూచి చెబుతాడు. కేస్‌ను హ్యాంగర్‌లో వదిలి, రైఫిల్‌ను మెత్తటి కవర్లో, మిగతాది మెత్తటి డఫిల్‌లో తీసుకెళ్లాలి. విమానంలో దిగిన రోజే పెద్ద జంతువులను వేటాడకూడదన్న నియమం కూడా అక్కడ ఉంది, దాన్ని రోజుల లెక్కలో కలుపుకోండి.

ఆఖరుగా, మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సినది. వేటకు వాడిన సంచిని ఇండియా ప్రయాణానికి వాడకండి. మూడేళ్ల క్రితం హైదరాబాద్ వెళ్లడానికి సర్దుతుంటే మా ఆవిడ నా బ్యాక్‌ప్యాక్ నడుము బెల్టు జేబులోంచి రెండు తూటాలు తీసి బల్ల మీద పెట్టింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇక్కడ చెక్-పాయింట్‌లో దొరికితే పరిస్థితి ఒక రకం. ఇండియాలో లైసెన్స్ లేకుండా ఒక్క తూటా దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు, పాస్‌పోర్టుతోపాటు సెలవంతా కోర్టు చుట్టూ తిరుగుతుంది. అప్పటి నుంచి వేట సంచిని గ్యారేజీలో వేరే కొక్కేనికి తగిలించి, దాని పట్టీకి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంచాను. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోరు. మీరు కొలరాడో నుంచి తిరిగొచ్చిన రోజే మీ సంచి జేబులన్నీ తిరగేసి దులపండి.